ఈ ప్యాడ్ ఎందుకరిగింది?

బీటెక్ మెకానికల్ పూర్తయిన ఏడాది. చెన్నై శివార్లలో ఓ ఆటో విడిభాగాల కంపెనీలో ఇంటర్వ్యూ. సూళ్లూరుపేటలో తెల్లారకముందే లోకల్ రైలెక్కి, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడే వెళ్లా. మొదటి పావుగంట బాగానే గడిచింది. బ్రేక్ వేస్తే కారు ముక్కు ఎందుకు కిందికి వంగుతుంది, ముందు చక్రాల మీద భారం ఎంత పెరుగుతుంది అని అడిగితే గడగడా చెప్పేశా. బోర్డు మీద బొమ్మ గీసి, బాణాలు కూడా పెట్టా.

అప్పుడు మధ్యలో కూర్చున్నాయన సొరుగు లాగి అరిగిపోయిన రెండు బ్రేక్ ప్యాడ్లు తీసి నా ముందు పెట్టాడు. ‘‘ఈ రెండూ ఒకే చక్రంలోవి. ఒకటి సగం మిగిలే ఉంది. రెండోది ఇనుము దాకా అరిగిపోయింది. ఎందుకు?’’

బ్రేక్ ప్యాడ్‌ని చేత్తో పట్టుకోవడం నాకదే మొదటిసారి. నాలుగేళ్లలో బ్రేకుల మీద ఎన్ని లెక్కలు చేశానో గుర్తులేదు కానీ, ప్యాడ్ ఇంత బరువుంటుందని మాత్రం తెలీదు. ‘‘మెటీరియల్ డిఫెక్ట్ అయ్యుండొచ్చు సార్’’ అన్నా. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ప్యాడ్లు తీసి మళ్లీ సొరుగులో పెట్టేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ ప్రశ్నకి జవాబు అయిదు నెలల తర్వాత మా ఇంటి ముందు, వేపచెట్టు నీడలో దొరికింది.

కీచుమన్న చక్రం

మా నాన్న కారు బాడుగకి తిప్పుతారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. స్టేషన్ నుంచి శ్రీహరికోట గేటు దాకా, లేదంటే కాళహస్తి, తిరుమల. శీతాకాలం వస్తే ఫ్లెమింగోలు చూడ్డానికొచ్చే వాళ్లని పులికాట్ ఒడ్డుకి తీసుకెళ్తారు. ఓ శుక్రవారం రాత్రి ఇంటికొచ్చి ‘‘కుడిపక్క ముందు చక్రం కీచుమంటోంది రా, బ్రేక్ వేసినప్పుడల్లా’’ అన్నారు. ఆదివారం తిరుమల బాడుగ ఒప్పుకొన్నారు. చంటిపిల్లతో సహా అయిదుగురు.

శనివారం పొద్దున ఓ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ముందు ప్యాడ్లు, డిస్కులు రెండూ మార్చాలని, లేబర్‌తో కలిపి వాళ్లు చెప్పిన అంకె నాన్న వారం సంపాదనకంటే ఎక్కువ. అదీ సోమవారమే కుదురుతుందట. బాడుగ వదులుకోవడమా, కీచుమంటూనే ఘాట్ రోడ్డు దిగడమా? నాన్న రెండోదానికే మొగ్గుతున్నారని ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది.

మా వీధి చివర ఓ మెకానిక్ ఉన్నాడు. లారీలు, కార్లు, ట్రాక్టర్లు ఏదైనా విప్పుతాడు. వీధంతా ఆయన్ని భాయ్ అనే పిలుస్తుంది. వెళ్లి సంగతి చెప్పా. ‘‘ఇంజినీరింగ్ చదివినావు గదబ్బయ్యా, నువ్వే ఇప్పు. నేనొచ్చి కూకుంటా. తప్పు చేస్తే చెప్తా’’ అన్నాడు. అన్నట్టే బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చుని, మధ్యాహ్నం దాకా ఒక్క నట్టు కూడా తను ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి ఈ ఆదివారమే ఒక్కరూ కూర్చుని కారు విప్పేయకండి. బ్రేకు పని తేడా వస్తే పోయేది డబ్బులు కాదు. మొదటిసారి చేసేటప్పుడు పక్కన తెలిసినవాళ్లు ఒకరుండి తీరాలి. మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెలే మీకు ప్రమాణం, నావి కావు.

ముందు రాయి, తర్వాత జాకీ

చదునైన గట్టి నేల మీద కారు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, గేర్‌లో ఉంచి, వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టా. నేరుగా జాకీ ఎక్కించబోతే భాయ్ ఆపాడు. ‘‘నట్లు కింద ఉన్నప్పుడే ఒక చుట్టు వదులు చెయ్యాల. గాల్లోకి లేపినాక గుంజితే కారు జాకీ మీదనించి జారతాది.’’

స్టెప్నీ మార్చడానికిచ్చే జాకీ కేవలం లేపడానికే. లేపాక బరువు ఆనడానికి స్టాండ్లు వేరే ఉండాలి. భాయ్ తన షాపులోవి రెండు పంపించాడు. విప్పిన చక్రాన్ని కూడా కారు కిందికి, పక్కవాటుకి తోశాం. ఏదైనా జారితే కారు దానిమీద పడుతుంది, మనిషి మీద పడదు. మెకానిక్‌లు ఎక్కడైనా చేసే పనే ఇది, ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

ముందు చక్రాలు రెండిట్లోనూ ప్యాడ్లు మార్చాలి. ఒక్కపక్కే మార్చితే బ్రేక్ వేసినప్పుడు కారు ఒకవైపుకి లాగుతుంది. అయినా రెండు పక్కలూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి బిగించాకే రెండోది. ఏ క్లిప్ ఎటువైపు ఉందో మర్చిపోతే రెండో పక్కకెళ్లి చూసుకోవచ్చు. నేను ఫోన్‌లో ఫొటోలు కూడా తీసుకున్నా. అవి తర్వాత ఇంకో రకంగా ఉపయోగపడ్డాయి, చెప్తా.

చక్రం తీయగానే పళ్లెంలా మెరిసే డిస్కు కనిపించింది. దాన్నే రోటర్ అని కూడా అంటారు. దానికి చెయ్యి వేసి పట్టుకున్నట్టు క్యాలిపర్. చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ఫ్లోటింగ్ క్యాలిపర్. పిస్టన్ లోపలివైపు మాత్రమే ఉంటుంది. పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్ పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్కుకి అదుముతుంది. అదిమాక ఇంకా ముందుకెళ్లే దారి లేదు కాబట్టి క్యాలిపర్ మొత్తం వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ని అవతలి నుంచి లాక్కొస్తుంది. ఇలా జరగడానికి దానికి రెండు పిన్నులుంటాయి, వేలెడంత పొడవు. అవి గ్రీజు పూసుకుని రబ్బరు తొడుగుల్లో నున్నగా జారుతుండాలి.

కింది బోల్టు విప్పి క్యాలిపర్‌ని పైకి తిప్పి ప్యాడ్లు బయటికి లాగా. బయటిది దాదాపు సగం ఉంది. లోపలిది ఇనుము దాకా అరిగిపోయింది.

రెండూ అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయా. అచ్చం ఆ టేబుల్ మీదున్నవే!

‘‘ఏందబ్బయ్యా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తుండావు’’ అన్నాడు భాయ్. అడిగా, ఇలా ఎందుకవుతుందని. ఆయన లేవకుండానే వేలు చూపించాడు. ‘‘పిన్ను లాగి చూడు.’’ పై పిన్ను సులువుగా వచ్చింది. కింది పిన్ను కదల్లేదు. మెలితిప్పి, తట్టి, చివరికి పకారుతో పట్టుకుని లాగితే వచ్చింది, తుప్పుతో ఎర్రగా. దాని రబ్బరు తొడుగు చిరిగి ఉంది.

అంతే జవాబు. పిన్ను పట్టేసింది. క్యాలిపర్ జరగడం లేదు. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతూనే ఉంది, బయటి ప్యాడ్‌కి పని సరిగ్గా అందడం లేదు, పెడల్ వదిలినా లోపలిది పూర్తిగా వదలడం లేదు. చదువులేని ఒక రబ్బరు ముక్క చిరిగితే నాలుగేళ్ల చదువు నోరెళ్లబెట్టింది.

ఉప్పుగాలి సంగతి

మా ఊళ్లో ఇది మామూలేనట. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. వానాకాలంలో రెండు పక్కలా నీళ్లు. ఎండలు ముదిరితే నీళ్లింకిపోయి తెల్లగా ఉప్పు తేలుతుంది. ఆ గాలిలో రోజూ తిరిగే బండికి ముందు తుప్పు పట్టేవి ఇలాంటి మూలలే. 2022లో మా ఊరు నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి మారింది కానీ, గాలి మాత్రం సముద్రానిదే.

డిస్కు మీద రాత్రికి రాత్రి పట్టే పల్చటి ఎర్రపొరకి భయపడక్కర్లేదు. అది పోత ఇనుము, తేమ తగిలితే పడుతుంది, పొద్దున నాలుగుసార్లు బ్రేక్ వేస్తే ప్యాడ్లే గీకేస్తాయి. గుంటలు పడిన తుప్పు, గోరుతో రాస్తే తగిలే లోతైన గాళ్లు ఉంటే మాత్రం ఆలోచించాలి. డిస్కు ఎంతవరకు అరగొచ్చో చాలావాటి మీద అచ్చులోనే పోసి ఉంటుంది, కనీస మందం ఇంత అని. వెర్నియర్‌తో కొలవాలి. కానీ అరిగిన డిస్కుకి అంచున గట్టులా మిగులుతుంది, వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆగిపోయి మందం ఎక్కువ చూపిస్తాయి. దానికి ఓ ఉపాయం ఉంది. రెండు పక్కలా ఒకేరకం రూపాయి బిళ్లలు ఆనించి, వాటితో కలిపి కొలిచి, బిళ్లల మందం తీసేయాలి. కొలిస్తే మాది హద్దు దాటిపోయింది. మందం మిగిలుంటే లేతు మీద తేలిగ్గా ఒక పూత తీయించుకోవచ్చు, దాన్నే డిస్క్ టర్నింగ్ అంటారు. హద్దు దాటాక ఆ పని చేయించకూడదు. పల్చటి డిస్కు వేడిని దాచుకోలేదు.

కీచుమనడం కూడా ప్రమాదవశాత్తూ వచ్చింది కాదు. చాలా ప్యాడ్లకి ఒక పల్చటి ఇనుప రేకు ఉంటుంది. లైనింగ్ రెండు మూడు మిల్లీమీటర్లకి దిగగానే అది డిస్కుని గీరుకుని అరుస్తుంది. కావాలనే పెట్టిన అలారం. నాన్న దాన్ని పది రోజుల నుంచి వింటున్నారట, రేడియో సౌండ్ పెంచుకుంటూ.

డిస్కు రాలేదు

ప్యాడ్లయితే గంటలో మార్చేయొచ్చు. డిస్కు దగ్గరే అసలు యుద్ధం. ముందు క్యాలిపర్‌ని పూర్తిగా విప్పి, కట్టు తీగతో స్ప్రింగుకి వేలాడదీశా. దాని రబ్బరు గొట్టం మీద బరువు పడకూడదు, గొట్టం లోపల చీలితే పైకి కనిపించదు. తర్వాత క్యాలిపర్‌ని మోసే బ్రాకెట్ బోల్టులు రెండు. వెనకవైపు ఉంటాయి, గట్టిగా ఉంటాయి. పానాకి పైపు తొడిగి లాగితే కానీ కదల్లేదు.

బోల్టులన్నీ పోయాయి, డిస్కు మాత్రం హబ్‌కి అతుక్కుపోయింది. సుత్తి తీసుకుని ముఖం మీద నాలుగు వేశా. ‘‘వాయించబాకబ్బయ్యా! బేరింగు పోతాది’’ అని అరిచాడు భాయ్. డిస్కు ముఖం మీద వాడకుండా ఉన్న రెండు మరల బెజ్జాలు చూపించాడు. వాటిని నేనప్పటిదాకా అలంకారం అనుకున్నా. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు రెండు తెచ్చి వాటిలో ఎక్కించి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు తిప్పుతూ పోతే టప్‌మని ఊడొచ్చింది. డిజైన్ చేసినవాడు విప్పేవాడి గురించి కూడా ఆలోచించాడన్నమాట. అన్ని కార్లకీ ఈ సౌకర్యం ఉండదు. కొన్ని పాత మోడళ్లలో డిస్కు హబ్ వెనకాల బిగించి ఉంటుంది, దాన్ని తీయాలంటే హబ్బే విప్పాలి. అలాంటివి ఇంట్లో పెట్టుకోకండి.

కొత్త డిస్కు తీసి తొడగబోతే మళ్లీ ఆపాడు. హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దమన్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నాకు విసుగ్గానే ఉంది, కారణం ఇంటికెళ్లి చదువుకున్నాకే అర్థమైంది. హబ్‌కీ డిస్కుకీ మధ్య చిన్న తుప్పు పెచ్చు ఇరుక్కున్నా డిస్కు కాస్త వంకరగా కూర్చుంటుంది. తిరిగినప్పుడు అంచు అటూ ఇటూ ఊగుతుంది. ఇంజినీర్లు రనౌట్ అంటారు. అప్పటికప్పుడు తెలీదు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఊగే చోట ప్యాడ్ రాసుకుని డిస్కు మందం ఎగుడుదిగుడవుతుంది, అప్పుడు బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. ‘డిస్కు బెండయింది’ అని అందరూ అనేది చాలాసార్లు ఇదే. బెండవదు, మందం తేడా వస్తుంది. ఏదైనా కంపెనీలో బ్రేకుల మీద ఇంటర్వ్యూ ఇస్తుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, అడిగే అవకాశం బాగా ఉంది.

కొత్త డిస్కుకి తుప్పు పట్టకుండా నూనె పూత పూసి ఇస్తారు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచెయ్యాలి, తర్వాత చేత్తో ముట్టుకోకూడదు. ప్యాడ్ల మీద కూడా గ్రీజు వేలు పడకూడదు. పాత దుమ్ముని నోటితో ఊదడం, ఎయిర్ పైపుతో కొట్టడం వద్దు. పాతకాలం ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఇప్పటివాటి దుమ్మైనా ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిగుడ్డతో తుడిచి, మాస్కు పెట్టుకుంటే సరిపోతుంది.

పిన్నులకి వాడే గ్రీజు కూడా వేరే. మామూలు పెట్రోలియం గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు చిన్న పొట్లం దొరుకుతుంది. రెండు పిన్నులూ, రబ్బరు తొడుగులూ కొత్తవి వేశా.

నేను చేసిన తప్పులు రెండు

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ని వెనక్కి నెట్టాలి. పాత ప్యాడ్‌ని అడ్డం పెట్టి, సీ-క్లాంప్‌తో మెల్లగా బిగిస్తూ పోతే లోపలికెళ్తుంది. నేను బిగిస్తున్నా, బాగా వెళ్తోంది, సంతోషంగా ఉంది. ఇంతలో భాయ్ ‘‘బానెట్ కింద చూసినావా’’ అన్నాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగి కిందికి కారుతోంది.

ఎందుకు పొంగిందంటే, ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికొస్తుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. అంటే మట్టం తగ్గడం లీకేజీ గుర్తు కావొచ్చు, ప్యాడ్లు అరిగాయన్న కబురూ కావొచ్చు. నాన్న అది చూసి రెండుసార్లు ఆయిల్ పోశారు. ఇప్పుడు పిస్టన్ వెనక్కెళ్తే ఆ ఎక్కువ పోసిందంతా ఎక్కడికెళ్తుంది? ముందే సిరంజితో కొంచెం తీసుంటే సరిపోయేది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. వెంటనే నీళ్లు పోసి కడిగినా ఫెండర్ మీద అరచేతంత మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ ఆయిల్ గురించి రెండు ముక్కలు. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. పెడల్ నేలకి దిగిపోతుంది, కారు ఆగదు. మాలాంటి తీరప్రాంతంలో మూత తీసి ఉంచిన సీసాలోది వాడటం ఎంత తప్పో ఇక చెప్పక్కర్లేదు.

రెండో తప్పు పెద్దది. రెండు పక్కలూ అయిపోయాయి. నట్లు ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించా, కారు దించాక టార్క్ పానాతో మాన్యువల్‌లో చెప్పినంత చూసుకున్నా. మధ్యాహ్నం మూడయింది. ఆకలి. గర్వం కూడా. కారెక్కి స్టార్ట్ చేసి రివర్స్ వేశా. బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా వెళ్లిపోయింది. కారు ఆగలేదు.

పిస్టన్లు వెనక్కి నెట్టి ఉన్నాయి. ప్యాడ్లకీ వాటికీ మధ్య ఖాళీ. స్టార్ట్ చేసేముందే పెడల్‌ని గట్టిపడేదాకా పదిహేను ఇరవైసార్లు తొక్కి ఆ ఖాళీ పూడ్చుకోవాలి. భాయ్ అది పొద్దున్నే చెప్పాడు. హ్యాండ్ బ్రేక్ లాగితే ప్రహరీ గోడకి జానెడు దూరంలో ఆగింది. గోడ పక్కన మా అమ్మ ఉంది, ఒడియాలు ఎండబెడుతూ. ఆమెకి సంగతి తెలీదు, ఇది చదివితే తెలుస్తుంది.

భాయ్ ఏమీ అనలేదు. బకెట్ తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చి ప్రతి బోల్టూ తనే పానాతో చూసి, పెడల్ తొక్కి, అప్పుడు ‘‘పోనీ’’ అన్నాడు.

తిరుమల లెక్క

కొత్త ప్యాడ్లు వెంటనే పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, ఓ ఎనిమిది పదిసార్లు ఒక మోస్తరుగా తగ్గించాలి. మధ్యలో చల్లారడానికి కొంచెం సమయం ఇవ్వాలి. ప్యాడ్ పదార్థం పల్చటి పొరలా డిస్కుకి సమంగా అంటుకుంటుంది. వేడెక్కాక బ్రేక్ తొక్కిపట్టి నిలబెడితే ప్యాడ్ ఉన్నచోటే మచ్చలా అంటుకుంటుంది. శనివారం రాత్రి ఊరి బయట ఇదంతా చేశాం, నాన్న డ్రైవింగ్, నేను లెక్కపెట్టడం.

ఆ రాత్రి నిద్రపట్టక ఓ లెక్క వేశా. కాలేజీలో ఇలాంటివి వంద చేసుంటా, మార్కుల కోసం. వెయ్యి కిలోల కారు 80 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిశక్తి దాదాపు 2.47 లక్షల జౌళ్లు. ఆపితే అదంతా వేడి. అందులో 70 శాతం ముందు బ్రేకులు తీసుకుంటాయనుకుందాం. ముందు డిస్కులు రెండూ కలిపి 8 కిలోల ఇనుమైతే, ఒక్కసారి ఆపినందుకు సుమారు 47 డిగ్రీలు వేడెక్కుతాయి. వేగం 100 అయితే శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఇప్పుడు ఘాట్ రోడ్డు. తిరుపతి నుంచి తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు అనుకుంటే, దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి 68 లక్షల జౌళ్ల పైనే. అంటే 80 వేగంలోంచి దాదాపు 28 సార్లు వరసగా ఆపినట్టు. కారులో జనం బరువు దీనికి అదనం. కొంత గాలికి, టైర్లకి పోతుంది. మిగతాదంతా బ్రేకుల మీద పెడితే ఏమవుతుందో చూడండి. అందుకే దిగేటప్పుడు రెండో గేర్‌లో పెట్టి ఇంజిన్‌తో ఆపుకుంటూ రమ్మంటారు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డునే ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు, ఎక్కడానికి 1974 నాటి రెండోది. ఆ పాత మలుపుల మీద, ఇనుము దాకా అరిగిన ప్యాడ్‌తో, పాత ఆయిల్‌తో, వెనక సీట్లో చంటిపిల్లతో... లెక్క అక్కడ ఆపేసి నాన్నని లేపి రెండో గేర్ గురించి చెప్పా. ‘‘పాతికేళ్లుగా అట్టనే దిగుతుండా, పడుకో’’ అన్నారు.

రెజ్యూమెలో ఏం రాయాలి

ఇక మీ పేజీ సంగతికొస్తా. నా రెండో ఇంటర్వ్యూ వేరే కంపెనీలో, ఏడు నెలల తర్వాత. ‘బ్రేక్ సిస్టమ్స్‌లో ప్రాక్టికల్ అనుభవం ఉంది’ అని రాయలేదు. అది చూడగానే ‘ఎంత?’ అని అడుగుతారు, అక్కడ దొరికిపోతాం. ‘చిన్న కారు ముందు డిస్కులు, ప్యాడ్లు మార్చాను, లోపలి ప్యాడ్ అసమానంగా అరగడానికి కారణం కనుక్కున్నాను’ అని ఒక్క వాక్యం రాశా. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో పదిహేను నిమిషాలు దానిమీదే. ఫొటోలు చూపించా. పిన్ను పట్టేయడం, మందం అంకెలు, రనౌట్. ‘పెడల్ వదలగానే పిస్టన్‌ని వెనక్కి లాగేదెవరు, స్ప్రింగ్ లేదు కదా?’ అనడిగారు. పిస్టన్ చుట్టూ ఉండే నలుచదరపు రబ్బరు సీలే. తొక్కినప్పుడు మెలిపడి, వదిలితే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాక్కుంటుంది. ఇది తెలుసు కాబట్టి ఉద్యోగం వచ్చిందని చెప్పను. ఆ ఏడాది వాళ్లకి మనుషులు కావలసొచ్చారు కూడా. రెండేళ్లు వారంటీ విభాగంలో పనిచేశా. కస్టమర్లు వెనక్కిచ్చిన ప్యాడ్లు చూసి ‘ఇది ఎందుకరిగింది’ అని రాయడమే నా పని.

మన చుట్టుపక్కల ఈ రంగం చిన్నదేం కాదు. తడ దాటితే శ్రీసిటీ. అక్కడ ఇసుజు ప్లాంటు 2016లో మొదలైంది. సత్యవేడు వైపు హీరో మోటోకార్ప్, చినపాండూరులో అపోలో టైర్స్. పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తీస్తోంది. రైలెక్కితే చెన్నై. అక్కడి పాడిలో బ్రేక్స్ ఇండియా 1962 నుంచీ ఉంది, సుందరం బ్రేక్ లైనింగ్స్ కూడా అక్కడే. డిజైన్ ఉద్యోగాలకే అందరూ ఎగబడతారు. టెస్టింగ్, నాణ్యత, వారంటీ, సర్వీస్ ఇంజినీర్ పోస్టులకి పోటీ కాస్త తక్కువ, చేతికి మసి అంటినవాళ్లకి అక్కడ విలువ ఎక్కువ. బీటెక్, డిప్లొమా వాళ్లకి కేంద్రం నడిపే నాట్స్ అప్రెంటిస్‌షిప్ ఉంది. ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. మా ఊళ్లో సగం మంది కుర్రాళ్లు షార్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, నేనూ కూర్చున్నా. ఎదురుచూసే ఆ నెలల్లో ఏదో ఒకటి విప్పి చూడటానికి ఖర్చేం లేదు.

ఎలక్ట్రిక్ కార్లొస్తే బ్రేకుల పని పోతుందని కొందరంటారు. వాటిలో మోటారే జనరేటర్‌లా పనిచేసి వేగాన్ని తగ్గిస్తుంది, ప్యాడ్లు ఎక్కువ కాలం మన్నుతాయి, నిజమే. కానీ వాడక కూర్చున్న డిస్కు తుప్పు పడుతుంది, పిన్ను పట్టేస్తుంది. మా పులికాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ కారు డిస్కులు ఎలా ఉంటాయో చూడాలని నాకెంతో కుతూహలంగా ఉంది.

ఇంతకీ ఖర్చు. ప్యాడ్ల సెట్టు, రెండు డిస్కులు, పిన్నుల కిట్టు, గ్రీజు, ఆయిల్, క్లీనర్ కలిపి సర్వీస్ సెంటర్ చెప్పినదాంట్లో సగం దాటలేదు. ఫెండర్ మచ్చకి పెయింట్ వేయిస్తే ఆ మిగులులో కొంత పోతుంది, అందుకే వేయించలేదు. విడిభాగాలు మాత్రం నమ్మకమైన షాపులోనే బిల్లుతో తీసుకోండి. నకిలీ ప్యాడ్లు పెట్టె చూస్తే అచ్చం అసలువాటిలాగే ఉంటాయి.

ఆదివారం నాన్న తిరుమల వెళ్లి రాత్రి పదింటికి తిరిగొచ్చారు. వంద కిలోమీటర్లు దాటాక చక్రాల నట్లు మళ్లీ ఒకసారి టార్క్ చూడాలని చదివా, కాబట్టి టార్చ్ లైటు వేసుకుని ఆ రాత్రే చూశా. ఒక్కటీ వదులవలేదు. డిస్కు దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, రెండు పక్కలా ఒకేలా. నాన్న చెప్పులు విప్పుతూ ‘‘వెనక డ్రమ్ముల్లో కూడా ఏదో సౌండ్ వస్తోంది రా’’ అన్నారు. పొద్దున్నే భాయ్ దగ్గరికెళ్లి స్టాండ్లు ఇంకో రెండు రోజులు ఉంచుకోవచ్చా అనడిగా.